ఆంగ్లభాషలోని రాశివాచకములు: వాని చరిత్ర

ఆంగ్లమునుండి తెనుగుసేతను అభ్యసించుచున్న విద్యార్థి యొకడు, ఒక కథలో బాటసారి రొట్టె ‘చంక్’ను తినెనని యున్నచోట ‘రొట్టెరాశిని భుజించెను’ అని వ్రాసి తెచ్చెను. తరగతి యంతయు నవ్వినది. కాని విచారించి చూడగా దోషము ఆ విద్యార్థి యొక్కనిదే యని చెప్ప వీలులేకపోయినది. అతడు పర్యాయపదముల పుస్తకమును విప్పి చూచినాడు. అందు చంక్, లంప్, మాస్, హీప్ అను పదములు ఒకే వరుసలో నుండెను. ‘హీప్’ అనగా రాశి యని అతడు ముందే యెఱుగును. ఒకే వరుసలోని పదములకు ఒకే యర్థము గలదని నమ్మి, తాను నేర్చినదానిని తెలియని చోట వాడినాడు. పుస్తకము పదములను చూపినదే కాని వాని పూర్వోత్తరములను చెప్పలేదు.

అధికపరిమాణమును, పెద్ద తునకను తెలుపుటకు ఆంగ్లభాషలో పదములు పెక్కులు కలవు. వీని చరిత్రను పరిశీలించినచో నొక విశేషము గోచరించును. ఇందు అనేకపదములు మొదట ఒక పనికి సంబంధించినవి. పిండి పిసుకుట, రొట్టె కాల్చుట, గడ్డి వామి వేయుట, పాళ్లు పంచుకొనుట మున్నగు పనులలో నవి పుట్టినవి. కాలక్రమమున ఆ పని మఱుగుపడి, ‘అధికము’ అను సామాన్యార్థము మాత్రము మిగిలినది. ఈ పరిణామమును కొన్ని యుదాహరణములతో చూపుటయు, నిఘంటుకారునకును అనువాదకునకును దానివలన కలుగు ప్రయోజనమును సూచించుటయు ఈ వ్యాసమున కుద్దేశము.

రోజే కోశము, అమరకోశము

ఆంగ్ల పర్యాయపదకోశములలో మిక్కిలి ప్రసిద్ధమైనది పీటర్ మార్క్ రోజే (1779–1869) కూర్చిన ‘థెసారస్’. రోజే వృత్తిచే వైద్యుడు. ఇరువది యేండ్లకు పైగా రాయల్ సొసైటీకి కార్యదర్శి. తన సొంత యుపయోగమునకై 1805 నాటికి సిద్ధపఱచుకొనిన పదపట్టికను వార్ధకమున విస్తరించి 1852 లో లండను నగరమున ప్రకటించెను. అందు సమస్తభావములును 1000 శీర్షికలుగా విభజింపబడినవి. 31వ శీర్షిక ఆధిక్యము, 102వది బాహుళ్యము, 639వది పర్యాప్తి, 641వది అతిరేకము. మనము ప్రస్తావించుచున్న పదములలో పెక్కులు ఇట్టి శీర్షికల క్రింద చేరునవియే. ‘థెసారస్’ అను పేరునకే నిధి, ధనాగారము అని యర్థము.

రోజే తన పీఠికలో, భావక్రమమున పదములను కూర్చిన పూర్వగ్రంథములను పేర్కొనుచు, వానిలో ప్రాచీనతమముగా అమరకోశమును స్మరించెను. కోల్‌బ్రూక్ ఆంగ్లానువాదముతో 1808 లో శ్రీరామపురమున అచ్చయిన కూర్పును ఆయన పేర్కొనెను. అయితే అందలి పదవిభాగము, ముఖ్యముగా అమూర్తభావముల విషయమున, అసమగ్రముగను గజిబిజిగను ఉన్నదని ఆక్షేపించెను. బాల్యమున అమరము వల్లించినవారికి ఈ యాక్షేపణము కొంత వింతగా తోపకమానదు.

మన ప్రస్తుతవిషయమునే తీసికొని రెండు కోశములను పోల్చి చూడవచ్చును. అమరసింహుడు ద్వితీయకాండమందలి సింహాదివర్గమున సమూహవాచకములను వరుసగా చెప్పి, అంతటితో నిలువలేదు. వెంటనే సమూహభేదములను వేఱుగా నిరూపించెను. సమానమైనవాని సమూహము వర్గము, ప్రాణుల సమూహము సంఘము, సార్థము, సజాతీయుల సమూహము కులము, తిర్యక్కులది యూథము, పశువులది సమజము, ఇతరులది సమాజము, సమానధర్మము గలవారిది నికాయము. పుంజము, రాశి, ఉత్కరము, కూటము అనువానిని ధాన్యాదుల ప్రోవులకై ప్రత్యేకించెను. రోజే యన్ననో, సమానార్థకములుగా తోచు పదముల సూక్ష్మభేదములను వివరించుట వేఱొక శాస్త్రమనియు, తా నందు ప్రవేశింపననియు పీఠికలోనే చెప్పికొనెను. ఆయన గ్రంథము పదమును మఱచినవానికి గుఱుతు చేయుటకు పుట్టినది. పదము నెఱుగనివానికి నేర్పుటకు గాదు. ఆంగ్లము మాతృభాషగా గలవారికి ఆ కోశము చేసిన మేలు గొప్పది. పరభాషగా నేర్చువారు దానిని పాఠ్యగ్రంథముగా వాడినచో ‘రొట్టెరాశి’ పుట్టును.

పిండిముద్ద నుండి ద్రవ్యరాశి వఱకు

మొదట ‘మాస్’ అను పదమును చూతము. గ్రీకుభాషలో ‘మాజ’ అనగా యవలపిండి ముద్ద, లేక దానితో చేసిన రొట్టె. పిసుకుట అను నర్థము గల ధాతువునుండి యిది పుట్టినది. లాటిను భాషలో ‘మస్స’యై, ఫ్రెంచి ద్వారమున ఆంగ్లమును చేరినది. వంటయింటి ముద్ద క్రమముగా ఏ ముద్దకైనను పేరయినది; పిదప ఆకారము లేని యే పెద్ద రాశికైనను చెల్లినది. 1687 లో న్యూటను తన ‘ప్రిన్సిపియా’ గ్రంథమున పదార్థపరిమాణమునకు ఈ లాటిను పదమునే వాడగా అది భౌతికశాస్త్ర పరిభాషయయ్యెను. తెలుగున మనము దానికి ‘ద్రవ్యరాశి’ యని పేరు పెట్టుకొంటిమి. గ్రీకుల పిండిముద్ద మన శాస్త్రగ్రంథములలో ధాన్యపురాశిగా మాఱినదన్నమాట. శాస్త్రపరిభాషలో దీనివలన బాధ లేదు. అచ్చట నిర్వచనమే ప్రమాణము. సాహిత్యమున మాత్రము ముద్ద ముద్దయే, రాశి రాశియే.

‘బ్యాచ్’ అను పదమును ఇట్టిదే. రొట్టె కాల్చుట అను నర్థము గల ప్రాచీనాంగ్ల ధాతువునుండి పుట్టి, ఒక్క తడవ పొయ్యిలో కాల్చిన రొట్టెల మొత్తమునకు పేరయినది. నేడు విద్యార్థులకును, ఉత్తరములకును, మందుసీసాలకును అది చెల్లుచున్నది. ‘లోఫ్’ అనునది ప్రాచీనాంగ్లమున ‘హ్లాఫ్’. రొట్టె యని యర్థము. ప్రభువు ననెడి ‘లార్డ్’ శబ్దమునకు మూలార్థము ‘రొట్టెను కాపాడువాడు’; దొరసాని ననెడి ‘లేడీ’ శబ్దమునకు ‘రొట్టెపిండి పిసుకునది’. ఆహారము నధీనమున నుంచుకొనుటయే అధికారమని యా సమాజము భావించినట్లు ఈ రెండు పదములును సాక్ష్యమిచ్చుచున్నవి.

ఆ రొట్టెకు నియతమైన తూకము లేదు. 1266 ప్రాంతమున మూడవ హెన్రీ కాలమున వెలసిన రొట్టె శాసనము ప్రకారము రొట్టె వెల స్థిరము. తూకము మాత్రము గోధుమల ధరనుబట్టి మాఱును. ధర పెరిగినచో రొట్టె చిన్నదగును. కొనువాడు ఇచ్చునది అదే నాణెము, పుచ్చుకొనునది వేఱు పరిమాణము. ఇట్టి లోకమున పెద్ద తునక, చిన్న తునక అను మాటలకు ఆకలితో ప్రత్యక్షసంబంధముండెను.

పొలము, కళ్లము, శాసనము

‘హీప్’ ప్రాచీనాంగ్ల పదము. అప్పటికే దానికి కుప్ప యనియు, జనసమూహమనియు రెండర్థములు కలవు. దీని డచ్చి సోదరశబ్దము ‘హోప్’. ముట్టడిలో అందఱికంటె ముందు ప్రాణములకు తెగించి పోవు దళమును డచ్చివారు ‘పోయిన దళము’ అను నర్థమిచ్చు పేరుతో పిలిచెడివారు. 16వ శతాబ్దమున ఆంగ్లేయులు ఆ పేరును గైకొని, తమ భాషలోని ఆశావాచకముతో ధ్వనిసామ్యముండుటచే దానిని ‘ఫర్లార్న్ హోప్’ అనిరి. నేడు వినువారికి అందు తోచునది అడియాసయే. కుప్ప యను నర్థము గల పదము చెవికి ఆశగా వినబడినది.

‘స్ట్యాక్’ ఉత్తరదేశీయుల భాషనుండి వచ్చినది, మూలార్థము గడ్డివామి. ‘డాలప్’ 16వ శతాబ్దమున ఇంగ్లండు తూర్పుసీమలో పొలమునందలి గడ్డిదుబ్బునకు పేరు. వెన్న, మీగడ వంటివాని ముద్దకు తరువాత చెల్లినది. వీనితో పోల్చిన ‘చంక్’, ‘హంక్’ కడు నవీనములు. మొదటిది 17వ శతాబ్దాంతమునను, రెండవది 19వ శతాబ్దారంభమునను గ్రంథస్థములైనవి. రెండును చేతితో విఱిచిన లేక మోటుగా కోసిన తునకలకు పేర్లు. కొయ్య, మాంసము, రొట్టె వీనికి ఆశ్రయములు. గింజలకు ఇవి చెల్లవు.

ఎన్ని గింజలు చేరిన కుప్పయగునను ప్రశ్న ప్రాచీనము. క్రీస్తుకు పూర్వము 4వ శతాబ్దమున మిలేటస్ వాసియగు యూబులిడీస్ దీనిని తర్కసమస్యగా ప్రతిపాదించెనని ప్రతీతి. ఒక గింజ కుప్ప కాదు. కుప్ప కానిదానికి మఱొక గింజ చేర్చినను కుప్ప కాదు. ఇట్లు చేర్చుచు పోయినచో కుప్ప యెన్నడును ఏర్పడరాదు. తార్కికులకు తెగని యీ సమస్యను ఆంగ్లేయ శాసనకర్తలు తమ కవసరమైనంతవఱకు తెంపిరి. బొగ్గు, సున్నము, చేపలు, ఉర్లగడ్డలు, పండ్లు వంటి వస్తువులను కొలపాత్ర అంచునకు పైగా కుప్పపోసి యమ్ముట వారి యాచారము. 1824 నాటి తూనికలు కొలతల చట్టము, బుషెలు పాత్ర వెలుపలి వ్యాసము 19½ అంగుళములు ఉండవలెననియు, దానిపై పోసిన కుప్ప శంక్వాకారమున కనీసము 6 అంగుళముల యెత్తు ఉండవలెననియు విధించినది. కుప్పకు చట్టము లక్షణము చెప్పినదన్నమాట.

ఆ లక్షణము చిరకాలము నిలువలేదు. ఉర్లగడ్డలును బొగ్గుపెళ్లలును శంకువు కొలతకు లొంగవు. అమ్మువాని చేతివాటముతో కొనువానికి నష్టము. 1835 నాటి చట్టము కుప్పకొలతను రద్దుచేసి, బొగ్గును తూకముపైననే యమ్మవలెనని శాసించినది. నాటినుండి ‘హీప్’నకు అంగడిలో అధికారము పోయినది. వ్యవహారమున మాత్రము అది ‘ఎంతయో’ అను నర్థమున నేటికిని బ్రదికి యున్నది. కొలతగా చచ్చిన పదము అతిశయోక్తిగా జీవించుచున్నది.

పాలు, చీటి

‘ఎ గ్రేట్ డీల్’ అను పలుకుబడిలోని ‘డీల్’నకు మూలార్థము భాగము. జర్మనులో ఇదియే ‘టైల్’. గొప్ప భాగము అనుటనుండి గొప్ప పరిమాణము అను నర్థము కలిగినది. ‘లాట్’ కథ మఱింత విచిత్రము. ప్రాచీనాంగ్లమున ‘హ్లాట్’ అనగా పాళ్లు తేల్చుటకు వేయు కొయ్యముక్క వంటి వస్తువు. దానివలన దక్కిన వంతునకు అదియే పేరు. వంతు దైవదత్తము గనుక అదృష్టమునకును అదియే పేరు. తెలుగున ‘పాలు’ శబ్దము వాటాకును, ‘నా పాలిటి దైవము’ వంటి ప్రయోగములలో ప్రాప్తమునకును చెల్లుట యిట్టిదే. పిదప వేలములో ఒక్కటిగా అమ్మబడు వస్తుసముదాయము ‘లాట్’ అయినది. ఆ పైని, 19వ శతాబ్దారంభము నాటికి, ‘అనేకము’ అను నర్థము స్థిరపడినది. నేడు బాలురు సైతము మాటికి మూడుసార్లు వాడు ఈ పదమున దైవము పోయినది, వేలము పోయినది, బాహుళ్యము మాత్రము మిగిలినది.

పండితపదములు

లాటిను గ్రీకు పదములదియు ఇదే రీతి. ‘అబండెన్స్’ లోపల ‘ఉండ’ యను లాటిను తరంగవాచకమున్నది. కట్టదాటి పొంగిన నీరు దాని మూలచిత్రము. ‘ప్లెంటీ’ మన ‘పూర్ణ’ శబ్దమునకు జ్ఞాతి. ‘కోపియస్’ అనునది సమృద్ధివాచకమగు ‘కోపియ’ నుండి వచ్చినది. ప్రతి యను నర్థము గల ‘కాపీ’ శబ్దమునకును అదియే మూలము. వాక్సమృద్ధిపై ఎరాస్మస్ 1512 లో ప్రకటించిన గ్రంథమునకు ఇదియే పేరు. లండనులో కోలెట్ స్థాపించిన సెయింట్ పాల్ పాఠశాలకై ఆ గ్రంథము ఉద్దేశింపబడినది. ‘నీ లేఖ నాకెంతయో సంతోషము గూర్చినది’ అను నర్థము గల యొక్క వాక్యమును అందు నూఱు విధములకు పైగా మార్చి చూపెను. అయితే ఆ గ్రంథారంభమున ఆయన చేసిన హెచ్చరికను మఱవరాదు: సమృద్ధిని కోరువారు వివేకము లేనిచో వట్టి మాటల ప్రోగులో చిక్కుకొందురు.

‘ప్లెథొరా’ వైద్యపరిభాష. శరీరమున రక్తము మితిమీఱుటయను వ్యాధికి పేరు. అందుచే తొలుత అందు సంపద కాక రోగము ధ్వనించెడిది. ‘మిరియడ్’ గ్రీకుల పదివేలు. ఆర్కిమిడీస్ విశ్వమును నింపగల యిసుకరేణువులను లెక్కించుటకు మిరియడ్ల మిరియడ్లను, అనగా పదికోట్లను, మెట్టుగా చేసికొనెను. ఖచ్చితమైన ఆ సంఖ్య ఆంగ్లమున ‘అసంఖ్యాకము’ అయినది.

ఇరుగుపొరుగువారి పదములు

ఆంగ్లమున సమృద్ధిని తెలుపు పదములలో కొన్ని ఐర్లండునుండి వచ్చినవి. ‘గలోర్’ 17వ శతాబ్దమున చేరినది. ఐరిష్ భాషలో దానికి ‘చాలినంత’ యని యర్థము. చాలినంత యనుటయే ఆంగ్లేయుల నోట పుష్కలమయినది. విశేష్యమునకు తరువాత నిలుచుట అను ఐరిష్ వాక్యక్రమమును ఆ పదము నేటికిని విడువలేదు. అమెరికాలో 1839 నాటికి కనబడు ‘స్లూ’ ఐరిష్ భాషలోని సమూహవాచకము. ఈ పదములనిచ్చిన దేశమున 1845 మొదలు 1852 వఱకు ఉర్లగడ్డల పంట నాశనమై క్షామము వాటిల్లగా పదిలక్షలమంది మరణించిరి. అంతకు తక్కువ గానివారు దేశము విడిచిపోయిరి. సమృద్ధివాచకములు పుట్టినచోట సమృద్ధి యుండునని శబ్దచరిత్ర హామీ యీయదు.

‘హోర్డ్’ అను ధ్వని గల రెండు పదములు ఆంగ్లమున నున్నవి. దాచిపెట్టిన నిధి యను నర్థము గలది ప్రాచీనాంగ్లము. మూక యను నర్థము గలది తురుష్కుల శిబిరవాచకమగు ‘ఒర్దు’ నుండి పుట్టినది. మన దేశమందలి ఉర్దూభాష పేరును అందుండియే వచ్చినది. లిపిభేదమును గమనింపని తెలుగు పాఠకునకు ఈ రెండును ఒక్కటిగా తోచుట సహజము.

భారతదేశపు పదములును ఆ భాషలో చేరినవి. లక్ష, కోటి అనువాని రూపాంతరములను ఈస్టిండియా కంపెనీ వర్తకులు తమ లెక్కలలో వాడిరి. 1886 లో వెలువడిన ‘హాబ్సన్-జాబ్సన్’ కోశమున వీనితోపాటు ‘గార్స్’ అను పదము గలదు. చెన్నపట్టణపు తీరమున ధాన్యమును కొలుచు పెద్ద మానమది. 400 మరకాళ్లకు సమానము. దానికి మూలము తెలుగు గారిసె యని కోశకర్తలు చెప్పిరి. వారిలో నొకడగు బర్నెల్ చెన్నరాజధానిలో ఉద్యోగము చేసినవాడు. గ్రంథము వెలువడుటకు ముందే 1882 లో మరణించెను. ఇరువది మణుగుల ‘క్యాండీ’ యు అందున్నది. అది మన ఖండియే. చెన్నపట్టణమున దాని తూకము 500 పౌనులు. కంపెనీ లెక్కలకు పనికివచ్చిన ఈ పదములు ఇంగ్లండు వీథులలో నాటుకొనలేదు. గారిసెను కన్నులార చూచినవారచట లేకుండుటయే అందులకు కారణమై యుండును.

ఫలితము

పైని చెప్పినదానినిబట్టి రెండంశములు తేలుచున్నవి. మొదటిది: రాశివాచకము తన పనిని, పాత్రను, ద్రవ్యమును కోల్పోయిన కొలది దాని ప్రయోగము విస్తరించును, అర్థము పలుచనగును. రెండవది: పలుచనైనను ప్రాతయర్థము పూర్తిగా నశింపదు, ఏ ద్రవ్యముతో ఏ పదము చేరునను నియమముగా అది లోన నిలిచియుండును. రొట్టెకు ‘చంక్’ చెల్లి, గింజలకు చెల్లకుండుట యందువలననే.

మన భాషయు ఈ నియమమునకు వెలియైనది కాదు. పుట్టి యనగా ఇరువది తూములు. దేశమున మెట్రిక్ కొలతలను ప్రవేశపెట్టిన చట్టము 1956 లో వచ్చిన పిమ్మట తూమును కుంచమును క్రమముగా అంగడిని విడిచినవి. ‘పుట్టెడు దుఃఖము’ మాత్రము విడువలేదు. గంప నెత్తి యెఱుగనివారికిని గంపెడాస యుండును. బోలెను చూడనివారును బోలెడు పనులున్నవందురు. ఆంగ్లమున 1835 తరువాత ‘హీప్’నకు పట్టిన గతియే ఇది.

కాని ముద్ద, గడ్డ, పెళ్ల, బెడ్డ, తునక, చెక్క, పలక, బండ, కుప్ప, ప్రోగు, వామి, రాశి అను పదములు నేటికిని తెలుగున తమ ద్రవ్యములను గుఱుతుంచుకొనియే యున్నవి. అన్నము ముద్ద, బెల్లము గడ్డ, మన్ను పెళ్ల, గడ్డి వామి, ధాన్యము రాశి. వీనిని ఒక్క వరుసలో వ్రాసి చాలించు ద్విభాషానిఘంటువు విద్యార్థికి ద్రోహము చేయును. రోజే కోశము వెలువడిన 1852 లోనే చెన్నపట్టణమున బ్రౌను దొర తెలుగు–ఇంగ్లీషు నిఘంటువును వెలువడినది. నూటడెబ్బది యేండ్లు గడచినవి. ఆంగ్లేయులు తమ భాషకు చరిత్రాత్మక పర్యాయకోశమును 1965 లో గ్లాస్గో విశ్వవిద్యాలయమున ఆరంభించి 2009 లో ముగించిరి. ఏ పదము ఏ యర్థమున ఏనాడు వాడుకలోనికి వచ్చెనో, ఏనాడు పోయెనో అందు చూడవచ్చును. మనకు ఆంధ్రప్రదేశ్ సాహిత్య అకాడమి ప్రకటించిన మాండలిక వృత్తిపదకోశములు, భద్రిరాజు కృష్ణమూర్తిగారి సంపాదకత్వమున 1962 లో వచ్చిన వ్యవసాయపదముల సంపుటముతో మొదలై, మంచి పునాదిని వేసినవి. కళ్లములో రాశి పోసి కుంచముతో కొలిచినవారు ఇంకను కొందఱు వృద్ధులు మన నడుమ నున్నారు. ప్రతి రాశివాచకమునకును ద్రవ్యమేది, పాత్రయేది, పని యేది యని వారినడిగి వ్రాసికొనుట యీ తరమువారి కర్తవ్యము. రాబోవు తరమున కది సాధ్యము కాదు.

మొదట పేర్కొనిన విద్యార్థి తన వాక్యమును ‘పెద్ద రొట్టెతునక’ యని దిద్దుకొని తెచ్చెను. ‘తునక’ యని యేల వ్రాసితివని యడుగగా, ‘విఱిచినది గదా’ యనెను. నిఘంటువులు చెప్పవలసిన మాట యదియే.